సెంటర్ 30 కొట్టాడని జోన్‌కు మారిపోవాలా?

బాబాయ్ అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను. ముందు నీ సందేహాన్ని ఒకసారి నా మాటల్లో చెబుతాను, చదివే మిగతావారికీ సంగతి తెలుస్తుంది. పాలకొల్లులో కూర్చుని బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆట ఆడుతున్నావు. రావులపాలెం అబ్బాయి జట్టు చేతిలో 96-104తో ఓడిపోయావు. వాళ్ల సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పెద్ద మనిషి, ఒక్కడే 30 పాయింట్లు కొట్టాడు. వచ్చే శనివారం మళ్లీ అతనితోనే మ్యాచ్. ఇంతకాలం మ్యాన్ టు మ్యాన్, అంటే ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాసే పద్ధతి, తప్ప మరొకటి ఆడలేదు. ఇప్పుడు మనిషిని కాక చోటును కాసే 2-3 జోన్‌కు మారాలా, ఒకరిని ఆ సెంటర్‌కే అంటిపెట్టి మిగతా నలుగురినీ చోట్లలో నిలిపే బాక్స్ అండ్ వన్ వేసి అతన్ని కట్టిపడేయాలా, కోర్టు అంతటా మీద పడే ఫుల్ కోర్ట్ ప్రెస్‌తో బంతే దాటకుండా చేయాలా అని అడిగావు. పనిలో పనిగా, నీ స్మాల్ ఫార్వర్డ్‌ను (బయటి గార్డులకూ లోపలి పెద్దవాళ్లకూ మధ్య ఆడేవాడిని) అమ్మేసి ఒక పెద్ద సెంటర్‌ను కొనవచ్చా అని కూడా అడిగావు.

నాలుగింటికీ నా జవాబు వద్దనే. అయితే వద్దు అని ఊరుకుంటే నీకు ఉపయోగం లేదు. నువ్వు పంపిన బాక్స్ స్కోర్ (మ్యాచ్ అంకెల పట్టిక) ముందు పెట్టుకుని, ఎందుకు వద్దో చూద్దాం.

ఈ ఆటలో మనం కోచ్‌లం. మైదానంలోకి దిగం, మ్యాచ్ మొదలయ్యాక ఒక్క మాటా చెప్పలేం. ఎవరు ఆడాలి, ఏ పద్ధతిలో దాడి చేయాలి, ఏ పద్ధతిలో కాయాలి, అవతలివాడు లోపలి నుంచి ఆడతాడా బయటి నుంచి ఆడతాడా అన్న అంచనా, ఎంత తీవ్రతతో ఆడాలి అన్నవన్నీ ముందే రాసిపెట్టాలి. ఆ తరువాత కంప్యూటర్ ఆడిస్తుంది, మనం చదువుకుంటాం. అందుకే ఇక్కడ గత మ్యాచ్ రికార్డు చదవడం రానివాడికి వ్యూహం రాదు. మన కుర్రాళ్లలో చాలామంది స్కోరు, ఎక్కువ పాయింట్లు కొట్టినవాడి పేరు చూసి మూసేస్తారు. నువ్వూ సెంటర్ పేరు దగ్గరే ఆగిపోయావు.

నీ అంకెలు ఇవి. నీ జట్టు 84 షాట్లు వేస్తే 36 పడ్డాయి, అందులో 7 త్రీలు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు. ఫ్రీ త్రోలు, అంటే ఫౌలుకు దక్కే ఒక్కో పాయింటు షాట్లు, 25కు 17. అతని జట్టు 92 షాట్లు వేస్తే 40 పడ్డాయి, అందులో 6 త్రీలు. ఫ్రీ త్రోలు 25కు 18. టర్నోవర్లు, అంటే షాటు వేయకుండానే బంతి పోగొట్టుకున్నవి, నీవి 12, అతనివి 11. ఆఫెన్సివ్ రీబౌండ్లు, అంటే తప్పిన తమ షాటును తామే తిరిగి పట్టుకున్నవి, నీవి 9, అతనివి 16.

షాట్ల నాణ్యత కొలవడానికి ఒక మామూలు లెక్క ఉంది. త్రీకి ఒక పాయింటు ఎక్కువ కాబట్టి, పడిన షాట్లకు త్రీలలో సగం కలిపి, మొత్తం షాట్లతో భాగిస్తారు. నీది 39.5ను 84తో భాగిస్తే 47 శాతం. అతనిది 43ను 92తో భాగిస్తే 46.7 శాతం. అంటే ఒక్కొక్క షాటు లెక్కన చూస్తే నువ్వే వెంట్రుకవాసి మెరుగు. నీ డిఫెన్స్ అతని చేతులను బాగానే కట్టింది. మరి 8 పాయింట్లు ఎక్కడ పోయాయి? అతను నీకంటే 8 షాట్లు ఎక్కువ వేశాడు. ఆ 8 ఎక్కడివంటే, ఆఫెన్సివ్ రీబౌండ్లలో 7 తేడా, టర్నోవర్లలో 1 తేడా. లెక్క అక్కడికక్కడే సరిపోయింది.

పొసెషన్ల లెక్కతోనూ, అంటే బంతి ఎన్నిసార్లు దక్కిందన్న లెక్కతోనూ, సరిచూసుకో. షాట్లకు, ఫ్రీ త్రోలలో 0.44 వంతును, టర్నోవర్లను కలిపి, ఆఫెన్సివ్ రీబౌండ్లను తీసేయాలి. నీది 84, 11, 12 కలిపి 9 తీసేస్తే 98. అతనిది 92, 11, 11 కలిపి 16 తీసేస్తే 98. ఇద్దరికీ బంతి సమానంగానే దక్కింది. దక్కిన బంతితో అతను రెండోసారి, మూడోసారి ప్రయత్నించాడు. నువ్వు ఒక్కసారి వేసి వెనక్కి పరుగెత్తావు.

బాస్కెట్‌బాల్ గణాంకాల్లో డీన్ ఆలివర్ అనే ఆయన గెలుపును నాలుగు అంశాలుగా విడదీశాడు. షాట్ల నాణ్యతకు 40 శాతం, టర్నోవర్లకు 25, రీబౌండ్లకు 20, ఫ్రీ త్రోలకు 15 అని ఆయన ఇచ్చిన ప్రాధాన్యం. ఇవి దైవవాక్కులేమీ కావు, కానీ పట్టిక చదవడానికి మంచి వరుస. ఆ వరుసలో చూస్తే నీకు మొదటిది సమానం, రెండోది దాదాపు సమానం, నాలుగోది సమానం. మిగిలింది మూడోది. అక్కడ చిల్లు పడితే నువ్వు మొదటిదానికి మాట్లు వేయాలని చూస్తున్నావు.

ఇప్పుడు ఆ సెంటర్ సంగతి. 30 పాయింట్లు నిజమే. కానీ 28 షాట్లు వేస్తే 12 పడ్డాయి, మిగతా 6 పాయింట్లు ఫ్రీ త్రోలవి. మ్యాచ్ నివేదికలో కింద, ఏ స్థానం ఎదుటి ఏ స్థానంపై నూరు షాట్లకు ఎన్ని పాయింట్లు రాబట్టిందో చూపే వరుస ఉంటుంది. చాలామంది అటు కన్నెత్తి చూడరు. నాకైతే పేజీ మొత్తంలో అదే ప్రాణం. అతని సెంటర్‌కు అక్కడ 86. మిగతా ముగ్గురినీ కలిపితే 89 దాకా వస్తుంది. స్మాల్ ఫార్వర్డ్‌కు మాత్రం 116! 19 షాట్లలో 11. ఇంకా ఉంది. వాళ్ల 16 ఆఫెన్సివ్ రీబౌండ్లలో 7 ఆ స్మాల్ ఫార్వర్డ్ చేతికే వచ్చాయి. సెంటర్‌వి 4.

ఇంతకీ ఎవరా స్మాల్ ఫార్వర్డ్? అతని పాత మ్యాచ్‌లు తెరిచి చూడు. నిరుటి సీజన్ వరకూ పవర్ ఫార్వర్డ్‌గా, అంటే సెంటర్ పక్కన లోపల ఆడే పెద్దవాడిగా, ఆడినవాడే. రావులపాలెం అబ్బాయి తెలివిగా పెద్ద మనిషిని ఒక మెట్టు కిందికి దింపాడు. నీ వైపు ఆ స్థానంలో ఉన్నవాడు నిజానికి షూటింగ్ గార్డు. త్రీలు బాగా వేస్తాడు, ఆ మ్యాచ్‌లో 19 పాయింట్లు కూడా ఇచ్చాడు. మొత్తం మ్యాచ్‌లో పట్టిన రీబౌండ్లు 3. అతను 19 ఇచ్చి, 26 పోగొట్టి, పైన 7 అదనపు అవకాశాలు అప్పనంగా అప్పగించాడు. ఇదీ నీ ఓటమి.

నమ్మకం కలగకపోతే నాలుగో క్వార్టర్ వ్యాఖ్యానం మళ్లీ చదువు. ఆరు నిమిషాల నలభై సెకన్లు మిగిలి ఉండగా నువ్వు 3 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నావు. వాళ్ల గార్డు త్రీ వేశాడు, తప్పింది. రీబౌండు స్మాల్ ఫార్వర్డ్‌ది. అక్కడే వేశాడు, మళ్లీ తప్పింది. రీబౌండు మళ్లీ అతనిదే. ఈసారి బయటికి ఇచ్చాడు, సెంటర్ వేశాడు, అది కూడా తప్పింది, పవర్ ఫార్వర్డ్ తట్టి లోపలికి వేశాడు. నీ డిఫెన్స్ ఒకే పొసెషన్‌లో మూడు షాట్లు తప్పించింది, అయినా రెండు పాయింట్లు పోయాయి. వెంటనే మీ వాడు బంతి పోగొట్టాడు. ఆ రెండు నిమిషాల్లో మ్యాచ్ చేయి దాటింది. ఆ భాగంలో సెంటర్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో, ఆ ఫార్వర్డ్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో నువ్వే లెక్కపెట్టుకో.

ఇక మందుల సంగతి. 2-3 జోన్ అంటే ముందు ఇద్దరు, రింగు దగ్గర ముగ్గురు. లోపలికి దారి మూసి, బయటి షాట్లు వదిలేయడం దాని స్వభావం. అసలైన మైదానంలో దీనికి ఇంకో చిక్కు ఉంది. జోన్‌లో ఒక్కొక్కరు చోటును కాస్తారు, మనిషిని కాదు. షాటు లేవగానే ఎవరిని వీపుతో అడ్డగించాలో తెలియక రీబౌండ్లు జారిపోతాయి. మన ఆటలో మాత్రం ఈ జోన్ లోపలి డిఫెన్స్‌తో పాటు రీబౌండ్లనూ కొంత పెంచుతుంది, బయటి డిఫెన్స్‌ను తగ్గిస్తుంది. టీవీలో చూసిన ఆటకూ ఈ ఇంజిన్‌కూ తేడా వచ్చే చోట్లలో ఇదొకటి. కాలేజీ గ్రౌండ్‌లో ఆడి వచ్చినవాళ్లు ఈ ఒక్క విషయంలో కొత్తవాళ్లకంటే ఎక్కువగా తికమక పడటం చూశాను. ఆట నియమాల పేజీని నమ్ము, నీ భుజాల జ్ఞాపకాన్ని కాదు.

రీబౌండ్లు పెరుగుతాయి కదా, మరి వేయవచ్చు కదా అంటావేమో. వేయవచ్చు, కానీ ఖరీదు చూసుకో. అతని జట్టు 17 త్రీలు వేస్తే 6 పడ్డాయి. మ్యాన్ టు మ్యాన్‌లో నీ గార్డులు మీద పడి కాస్తుంటేనే ఆ లెక్క. జోన్‌కు మారితే అతని గార్డులిద్దరికీ తీరిగ్గా చూసి వేసే షాట్లు దొరుకుతాయి. పైగా ఒక్కరి వల్ల వచ్చిన నష్టానికి ఐదుగురి పద్ధతినీ మార్చడమవుతుంది. జోన్ సరైన జవాబయ్యే సందర్భం వేరు. అవతలి గార్డులు షాటు వేయలేనివాళ్లు అయి ఉండాలి, నీ లోపలివాళ్లు ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు ఓడిపోతూ ఉండాలి. నీకు ఓడిపోతున్నది ఒక్కడే.

జోన్‌ను జీవితాంతం నమ్ముకున్నవారూ ఉన్నారు. అమెరికాలో సిరక్యూస్ విశ్వవిద్యాలయం కోచ్ జిమ్ బోహైమ్ 1976 నుంచి 2023 వరకు ఆ ఒక్క జట్టుతోనే ఉండి, 2-3 జోన్‌నే తన ముద్రగా చేసుకున్నాడు. 2003లో జాతీయ చాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. కానీ ఆయన ఆ జోన్‌కు తగినట్టు పొడవాటి చేతులున్న కుర్రాళ్లను ఏరుకుని జట్టు కట్టాడు. నువ్వు మ్యాన్ టు మ్యాన్ కోసం కట్టిన జట్టును ఒక్క శనివారం జోన్‌లో నిలబెడితే అది బోహైమ్ జోన్ అయిపోదు.

బాక్స్ అండ్ వన్ మీద నీకు ఎందుకంత మోజో నాకు అర్థమైంది. 2019 ఎన్‌బీఏ ఫైనల్స్ రెండో మ్యాచ్ చూసి ఉంటావు. టొరంటో కోచ్ నిక్ నర్స్ నాలుగో క్వార్టర్‌లో గోల్డెన్ స్టేట్ జట్టు పెద్ద షూటర్ స్టెఫెన్ కర్రీ మీద ఒకరిని అంటిపెట్టి, మిగతా నలుగురినీ చతురస్రంలా నిలబెట్టాడు. గోల్డెన్ స్టేట్ దాడి దాదాపు ఆగిపోయింది. అందరూ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. ఆ రోజు కెవిన్ డ్యూరాంట్ గాయంతో ఆడనే లేదు, క్లే థాంప్సన్ నాలుగో క్వార్టర్‌లో తొడ కండరం పట్టేసి బయటికి వెళ్లిపోయాడు. అంటే కర్రీ పక్కన భయపెట్టే షూటర్ ఎవరూ లేని నిమిషాల్లో వేసిన ఎత్తు అది. అంత జరిగినా గెలిచింది గోల్డెన్ స్టేటే, 109-104తో. చివరి సెకన్లలో టొరంటో ఖాళీగా వదిలేసిన ఆండ్రీ ఇగొడాలా త్రీ వేసి ముగించాడు. ఎవరినో ఒకరిని వదలాల్సిందే. ఎవరిని వదులుతున్నావో తెలిసి వదలాలి. నువ్వు సెంటర్ మీద ఒకరిని అంటిపెడితే, వదిలేది ఎవరిని? 116 వాడినే కదా!

ప్రెస్ గురించి రెండు ముక్కలు చాలు. దానికి వేగం, దమ్ము, లోతైన బెంచి కావాలి. 1964లో జాన్ వుడెన్ శిక్షణలోని యూసీఎల్ఏ కాలేజీ జట్టు ఐదుగురిలో ఒక్కరూ ఆరడుగుల ఐదంగుళాలు మించకపోయినా, 2-2-1 ప్రెస్‌తో 30 మ్యాచ్‌లూ గెలిచింది. పొట్టి జట్టు ఆటను పరుగుగా మార్చి గెలవడమది. నీ జట్టులో స్టామినా అంకెలు చూశాను. మూడో క్వార్టర్ సగంలోనే నాలుకలు బయటపెడతారు. ప్రెస్ మాట మరిచిపో.

అయితే ఏం చేయాలి? మ్యాన్ టు మ్యాన్‌లోనే ఉండు. నీ బెంచి మీద ఒక పవర్ ఫార్వర్డ్ ఉన్నాడు, జంప్ షాట్ అంతంతమాత్రం, రీబౌండింగ్ మాత్రం నీ జట్టులో రెండో స్థానం. అతన్ని స్మాల్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టు. త్రీలు వేసే కుర్రాడిని అతని సహజ స్థానమైన షూటింగ్ గార్డుకు జరుపు. ఇప్పుడున్న షూటింగ్ గార్డు బెంచి మీదికి వస్తాడు. అతను బాధపడడు, కంప్యూటర్ మనిషి.

దీనివల్ల దాడిలో కొంత పోతుంది, అది దాచను. కొత్త స్మాల్ ఫార్వర్డ్‌ను అవతలివాళ్లు కాయకుండా వదిలేస్తారన్న భయం ఉంటుంది. కానీ అతను 10 పాయింట్లు తక్కువ కొట్టినా, అవతలివాడి 116ను 95కు దించి, ఏడు రీబౌండ్లను మూడుకు తెస్తే నువ్వు లాభంలోనే ఉంటావు. మ్యాన్ టు మ్యాన్‌లో ఎవరు ఎవరిని కాయాలో మార్చుకునే వీలుంది. నీ అసలు పవర్ ఫార్వర్డ్ డిఫెన్స్ ఇంకా మెరుగని అనిపిస్తే అతన్నే ఆ 116 వాడి మీదికి పంపి, కొత్తవాడిని వాళ్ల పవర్ ఫార్వర్డ్ మీద పెట్టు. నేనైతే అలాగే చేస్తాను. వాళ్ల పవర్ ఫార్వర్డ్ ఆ మ్యాచ్‌లో తొమ్మిది షాట్లకు మించి వేయలేదు.

తరువాతిది అంచనా. అవతలివాడు లోపలి దాడికి వస్తాడా, బయటి దాడికా, రెండూ సమానంగానా; వేగంగానా, నెమ్మదిగానా. సరిగ్గా ఊహిస్తే నీ డిఫెన్స్‌కు బలం పెరుగుతుంది, తప్పితే దెబ్బ తగులుతుంది. ఇక్కడ మనవాళ్ల పద్ధతి చూస్తే నవ్వు వస్తుంది. సంక్రాంతికి బరి దగ్గర కుక్కుట శాస్త్రం విప్పి, ఈ వారం ఈ నక్షత్రానికి డేగ గెలుస్తుంది, కాకి ఓడుతుంది అని పందెం కట్టినట్టు కడతారు. పుంజును మాత్రం చేత్తో పట్టి చూడరు. నువ్వు పుంజును పట్టి చూశావు, అది నాకు నచ్చింది. అతని చివరి ఐదు మ్యాచ్‌ల దాడి పద్ధతులు రాసి పంపావు. నాలుగింట లో పోస్ట్ (లోపలి దాడి), ఒకదాంట్లో మోషన్ (బయటి దాడి). ఆ మోషన్ ఆడింది స్నేహపూర్వక మ్యాచ్‌లో, అది కూడా శిక్షణ నిమిషాల కోసం కుర్రాళ్లను దింపి. దాన్ని లెక్కలోంచి తీసేయి. మిగిలిన నాలుగూ ఒకటే. లోపలి దాడి అని రాసిపెట్టు. ఇది సరిపడితే సెంటర్‌ను ఆపడానికి జోన్ నుంచి నువ్వు ఆశించిన మేలులో కొంత, గార్డులను వదలకుండానే నీకు దొరుకుతుంది.

అతను కూడా నీ మ్యాచ్‌లు చదువుతాడు కదా అని నీకు అనుమానం రావాలి. చదువుతాడు. నువ్వు సీజన్ మొదటి నుంచీ బయటి దాడే ఆడుతున్నావు, రన్ అండ్ గన్ అనే వేగపు పద్ధతి తప్ప మరొకటి లేదు. కాబట్టి అతను బయటి దాడి అని కళ్లు మూసుకుని రాసి ఉంటాడు. నీ 47 శాతం ఇంకా పెరగకపోవడానికి అదీ ఒక కారణమై ఉండవచ్చు. శనివారం దాడిని మార్చు. కొత్త కూర్పులో రీబౌండ్లు పట్టే పెద్దవాళ్లు ముగ్గురు ఉంటారు కాబట్టి లోపలి వైపు మొగ్గే నెమ్మది పద్ధతి ఒకటి తీసుకో. అతని ఊహ తప్పుతుంది, నీ బలం ఉన్న చోటికే బంతి వెళుతుంది. రన్ అండ్ గన్ మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు. చూడటానికి బాగుంటుంది. మరీ ప్రతివారం ఆడితే అవతలివాడికి హోంవర్క్ ఉండదు.

నెమ్మది ఆటకు ఇంకో కారణం ఉంది. బలహీన జట్టు పొసెషన్లు తగ్గించుకుంటే అదృష్టానికి చోటు పెరుగుతుంది. పొసెషన్లు పెరిగేకొద్దీ బలవంతుడి బలం బయటపడుతుంది. 1996లో ప్రిన్స్‌టన్ జట్టు, పీట్ కారిల్ శిక్షణలో, అంతకు ముందు ఏడాది చాంపియన్ అయిన యూసీఎల్ఏను 43-41తో ఓడించింది. కాలేజీ ఆటలో అప్పుడు ఒక్కో పొసెషన్‌కు 35 సెకన్లు ఉండేవి, వాళ్లు దాదాపు అన్నీ వాడుకునేవారు. నువ్వు అంత బలహీనుడివి కాదు, కాబట్టి అంతదూరం పోనక్కర్లేదు. మామూలు వేగంలోంచి ఒక మెట్టు దిగితే చాలు.

తీవ్రత విషయంలో నా సలహా కొందరికి నచ్చదు. ఈ మ్యాచ్‌కు పూర్తి బలం ఒడ్డే పద్ధతి, అంటే క్రంచ్ టైమ్, వాడకు. అది ఆ రోజుకు ఊపు ఇచ్చి తరువాతి మ్యాచ్‌లలో జట్టు ఉత్సాహాన్ని తినేస్తుంది. నీకు ఆ తరువాతి వారం లీగ్ పట్టికలో నీ పైనే ఉన్న జట్టుతో మ్యాచ్ ఉంది, అసలు పోటీ అక్కడ. పగ తీర్చుకోవాలన్న ఆవేశంలో కుర్రాళ్లు ఇక్కడే చేతులు కాల్చుకుంటారు. రావులపాలెం అబ్బాయి కూడా గత రెండు మ్యాచ్‌లు తేలిగ్గా తీసుకుని ఆడించాడో లేదో చూడు. ఆడించి ఉంటే అతని జట్టు ఉత్సాహం నిల్వ ఉంటుంది, దాన్ని నీ మీద ఖర్చు పెట్టే ఆలోచనలో ఉన్నాడని అనుకోవచ్చు. అలా అయితే ఓడిపోయినా కంగారు పడకు, వచ్చే వారం అతని జేబు ఖాళీ.

ఇంకో సంగతి, ఇది వ్యూహం కాదు, ముందుజాగ్రత్త. కూర్పు, పద్ధతులు శుక్రవారమే పెట్టేసి భద్రం చేయి. చివరి గంటలో కూర్చుందామనుకుంటే మన ప్రాంతంలో కుదరని రోజులుంటాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు తాకి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే కోనసీమలో లంకలవాళ్లకు సామాన్లు సర్దుకునే పని. 13.75కు రెండోది, 17.75కు మూడోది. అంతదాకా వెళితే కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు. లంకలో ఉండే మన మిత్రుడొకడు వరద రోజుల్లో మూడు మ్యాచ్‌లు పాత కూర్పుతోనే ఆడేశాడు, గాయపడిన గార్డు పేరు అలాగే ఉండిపోయింది. పాలకొల్లులో అంత లేకపోయినా, వేసవి కోతలు నీకూ తెలిసినవే.

మ్యాచ్ అయ్యాక ఏం చూడాలో కూడా చెబుతాను. గెలుపోటములు తరువాత. ముందు వాళ్ల ఆఫెన్సివ్ రీబౌండ్లు చూడు. వాళ్లు తప్పించిన ఫీల్డ్ షాట్లు ఎన్నో, అందులో ఎన్ని తిరిగి పట్టారో లెక్కవేయి. పోయిన మ్యాచ్‌లో 52 తప్పిస్తే 16 పట్టారు, నూటికి 31. నీది 48కి 9, నూటికి 19. వాళ్లను 25 లోపు ఉంచగలిగితే మార్పు పనిచేసినట్టే, ఆ రోజు త్రీలు పడక ఓడినా సరే. 30 దాటితే మాత్రం లోపం స్మాల్ ఫార్వర్డ్ దగ్గరే కాదని, నీ సెంటర్ దగ్గరా ఉందని అర్థం. అప్పుడు 2-3 జోన్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం, అప్పుడు నేను వద్దనను. ఒక్క మ్యాచ్ చూసి మాత్రం తీర్మానించకు. కనీసం మూడు చూడు. ఒక మ్యాచ్‌లో ఏడెనిమిది రీబౌండ్లు అటూ ఇటూ పోవడం మామూలే.

సెంటర్ కొనుగోలు సంగతి చివరికి పెట్టుకున్నాను. కొనకు. సంతలో పెద్ద సెంటర్‌ల ధర ఇప్పుడు మండిపోతోంది. ధర ఒక్కసారి చెల్లించేది, జీతం వారం వారం చెల్లించేది. ఆ జీతంతో నీ స్టేడియం సీట్ల పని ఆగిపోతుంది. నీ సెంటర్ అవతలివాడిని 86 దగ్గర ఆపినవాడు, అతని చోటికి ఇంకొకరు ఎందుకు? డబ్బు చేతిలో ఆడుతుంటే స్మాల్ ఫార్వర్డ్ కోసం వెతుకు. వయసు 24, 25 ఉండి, బయటి డిఫెన్స్ మంచిదై, రీబౌండింగ్ సగటుకు పైన ఉన్నవాడు. షాట్ అందంగా లేకపోయినా ఫరవాలేదు. ఇలాంటివాళ్ల కోసం ఎవరూ ఎగబడరు, పేరున్న స్కోరర్ల వేలం జరిగే రాత్రి వీళ్లు చవగ్గా పోతారు. జాబితాను జీతం వరుసలో కాకుండా రీబౌండింగ్ వరుసలో పేర్చి చూడు, పైనుంచి ఓ ఇరవై పేర్లలోనే దొరుకుతాడు.

త్రీలు వేసే కుర్రాడిని అమ్మకు. షూటింగ్ గార్డు స్థానంలో అతను నీ జట్టులో అందరికంటే మంచివాడు. అతనికి బయటి డిఫెన్స్ శిక్షణ పెట్టు. గార్డు స్థానంలో పూర్తి శిక్షణ అందాలంటే వారానికి 48 నిమిషాలు ఆడాలి కాబట్టి, లీగ్ మ్యాచ్‌లో 30 నిమిషాలు దాటకపోతే మిగతావి స్నేహపూర్వక మ్యాచ్‌లో పూర్తి చేయించు. అక్కడ గెలుపు గురించి పట్టించుకోకు.